ఇరుకు పడవలో మూడు దినములు

ఇంగ్లండు దేశమున ఆగస్టు మాసపు కడపటి సోమవారము సెలవు దినము. శని ఆదివారములతో కలిసి మూడు దినముల విరామము చిక్కును. ఆ దినములలో అచ్చటి రహదారులన్నియు కార్లతో క్రిక్కిరిసిపోవును. సముద్రతీరమునకు బయలుదేరినవారు సగము సెలవును దారిలోనే గడుపుదురు. మేమును ఆ సెలవులకే బయలుదేరితిమి గాని, గంటకు మూడు మైళ్ళ చొప్పున ప్రయాణము చేసితిమి. రానుపోను మేము పోయినది సుమారు 35 మైళ్ళు. అందులకు శుక్రవారము మధ్యాహ్నము మొదలు సోమవారము ఉదయము వరకు పట్టినది. ఆ దూరమునకు కారులో ఒక గంట చాలును. ఇట్లు చెప్పినప్పుడు మిత్రులు నవ్విరి. అయినను ఆ దేశమున ఏటేటా వేలాది కుటుంబములు ఇట్టి ప్రయాణమునకై డబ్బు చెల్లించి పడవలను అద్దెకు తీసికొనుచున్నవి. అందలి రుచి ఏమో మొదటి దినము సాయంకాలము వరకు మాకును తెలియలేదు.

మేము నలుగురము బయలుదేరితిమి: మేము దంపతులము, బర్మింగుహాములో ఉద్యోగము చేయుచున్న మా మిత్రుడు, ఆయన తండ్రిగారు. ఈ పెద్దలను మేము బాబాయిగారని పిలుతుము. ఆయన గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖయందు చేరి, కాలువల మీదను లాకుల మీదను ముప్పదియేండ్లకు పైగా పనిచేసినవారు. ఎనుబది దాటిన వయస్సున కుమారుని చూచిపోవుటకు వచ్చియుండిరి. పడవ ప్రయాణమన్నప్పుడు మొదట ఆయన రానని అనిరి. “నేను చూడని పడవలా, నేను చూడని కాలువలా!” అని ఆయన అభ్యంతరము. చివరకు, ఇంటిలో ఒంటరిగా కూర్చుండుట కంటె మేలని వచ్చిరి.

నారోబోటు అని ఇంగ్లీషువారు పిలుచు ఈ ఇరుకు పడవను చూచినప్పుడు మొదట తోచునది దాని ఆకారములోని వింత. మా పడవ పొడవు 57 అడుగులు. వెడల్పు 7 అడుగులకు రెండంగుళములు తక్కువ. 70 అడుగులకు మించిన పొడవు గలవియు కలవు. వెడల్పు మాత్రము ఎల్లప్పుడును అంతే. రైలుపెట్టెలోని నడవను ఊడదీసి నీటిపై వదలినట్లుండును. ఆ నడవలోనే వంటయిల్లు, బల్ల, పడకలు, స్నానపు గది, చలికాలమునకు కుంపటి. ఒకరు పొయ్యి వద్ద నిలుచుండగా మరియొకరు ప్రక్కకు ఒదుగక దాటిపోలేరు. మా శ్రీమతి ఉప్మా చేయుచున్నంత సేపును మేము మువ్వురము పడవ ముందు భాగముననో, వెనుక భాగముననో బందీలమై ఉండవలసివచ్చెడిది.

ఇంత ఇరుకు ఎందులకు? దీనికి కారణము రెండున్నర శతాబ్దముల నాటిది. ఆ కాలమున ఇంగ్లండు దారులు వానకాలమున బురదగుంటలు. బొగ్గు, ఉప్పు, మట్టిపాత్రలు గుర్రముల వీపులమీద సాగుచుండెను. ఒక గుర్రము వీపున మోయగలిగినది ఒకటి రెండు బస్తాలు. అదే గుర్రము కాలువ గట్టున నడచుచు, మోకుతో 25 టన్నుల బరువు గల పడవను సునాయాసముగా లాగగలదు. బ్రిడ్జ్‌వాటరు ప్రభువు తన వర్స్లీ గనులలోని బొగ్గును మాంచెస్టరునకు చేర్చుటకు త్రవ్వించిన కాలువ 1761లో తెరవబడినది. దానితో ఆ పట్టణమున బొగ్గు వెల సగమునకు సగము పడిపోయినది. అటుపిమ్మట దేశమంతటను కాలువల జ్వరము పట్టుకొన్నది.

ఆ పనికి పెద్దదిక్కుగా నిలచినవాడు జేమ్సు బ్రిండ్లీ. ఆయన 1716లో పుట్టినవాడు. మరల యంత్రములు బాగుచేయు పనివాడు. చదువు అంతంతమాత్రము. లెక్కలన్నియు మనస్సులోనే కట్టుకొనెడివాడట. ట్రెంటు, మెర్సీ నదులను కలుపు కాలువను ఆయన 1766లో ఆరంభించినప్పుడు దారిలో హేర్‌కాసిలు కొండ అడ్డువచ్చినది. దాని గర్భమున 2,880 గజముల పొడవున సొరంగము తొలువవలెను. సొరంగము వెడల్పైనకొలది ఖర్చు, కాలము, ప్రాణనష్టము పెరుగును. అందుచే ఇరుకు సొరంగమునే తొలిచి, లాకులను కూడ ఏడడుగుల వెడల్పుననే కట్టిరి. తరువాత మధ్య ఇంగ్లండులోని కాలువలలో పెక్కు ఆ కొలతనే అనుసరించినవి. ఆ సొరంగము 1777లో పూర్తియగుటకు అయిదేండ్ల ముందే బ్రిండ్లీ మరణించెను. ఆయన ఎన్నుకొన్న ఏడడుగులు మాత్రము నేటికిని మా వంటయింటి వెడల్పును నిర్ణయించుచునే యున్నవి.

మేము పడవనెక్కినది బ్రాన్‌స్టను గ్రామమున. గుట్టమీది చర్చి శిఖరము దూరమునుండియే కనుపించును. ఆక్స్‌ఫర్డు కాలువయు, లండనునకు పోవు కాలువయు కలియు కూడలి యిది. ఒకప్పుడు సరకు పడవలవారికి ముఖ్యమైన మజిలీ. ఈ పడవలవారిలో పెక్కురి పెండ్లిండ్లు, అంత్యక్రియలు ఆ చర్చిలోనే జరిగినవి.

పడవ యజమాని పక్షమున ఒక యువకుడు వచ్చి, అరగంటలో మాకు సర్వవిద్యలును నేర్పి గట్టున దిగిపోయెను. ఆ విద్యలలో మొదటిది చుక్కాని. పడవ వెనుక భాగమున నిలిచి, చుక్కాని కర్రను ఎడమకు నెట్టినచో పడవ కుడికి తిరుగును. కుడికి నెట్టినచో ఎడమకు తిరుగును. ఇది బుద్ధికి అర్థమగుట వేరు, చేతికి అర్థమగుట వేరు. మొదటి మైలులో మేము రెండుసార్లు రెల్లుపొదలలో దూరితిమి; ఒకసారి ఇటుక వంతెన ప్రక్కగోడను ఒరసికొంటిమి. రెండవ విషయము, పడవకు బ్రేకు లేదు. యంత్రమును వెనుకకు తిప్పినను 15 టన్నులకు పైబడిన ఉక్కు నిలుచుటకు తన వ్యవధి తాను తీసికొనును. కావున ఎదురు పడవ కనుపించిన తరువాత ఆలోచించుటగాక, కనుపించక మునుపే ఆలోచింపవలెను. ఎదురుపడినప్పుడు ఎవరి కుడి ప్రక్కకు వారు తొలగవలెను. రోడ్డుమీద ఎడమ ప్రక్కన పోవు దేశమున నీటిమీద కుడిప్రక్కన పోవుట కొంత తికమక పెట్టును.

ఈ కాలువలమీద గంటకు నాలుగు మైళ్ళకు మించి పోరాదని నియమము. ఇది కేవలము కాగితముమీది శాసనమని మేమనుకొంటిమి. నీరే ఆ శాసనమును అమలుపరచునని మొదటి సాయంకాలమే తెలిసికొంటిమి. కాలువ లోతు మూడు నాలుగు అడుగులకు మించదు. పడవ ముందునకు పోవునప్పుడు తాను త్రోసిన నీరు ప్రక్కలనుండియు అడుగునుండియు వెనుకకు చేరవలెను. ఆ సందు ఇరుకు. యంత్రమును హెచ్చించినకొలది పడవ వెనుక భాగము క్రిందికి క్రుంగును. వెంట పెద్ద అల లేచి గట్టును కోయును. వేగము మాత్రము పెరుగదు. యంత్రము వేగమును తగ్గించినచో అదే పడవ హాయిగా జారిపోవును. గట్టున కట్టియున్న పడవలను దాటునప్పుడు మరింత నెమ్మదింపవలెను. లేనిచో వాటి మేకులు ఊడిపోవును. అందలి వారి టీ ఒలికిపోవును. ఒక వృద్ధురాలు కిటికీలోనుండి మావైపు చూచిన చూపు మాకు నియమముల పుస్తకము కంటె బాగుగ పాఠము చెప్పినది.

ఆ రాత్రి నాప్టను గ్రామమునకు దిగువన పడవను కట్టితిమి. పడవను కట్టుట యనగా గట్టున ఇనుప మేకులు రెండు దిగగొట్టి, ముందొక మోకును, వెనుకనొక మోకును బిగించుట. కొండమీద ఒక గాలిమర కలదు. కాలువ వంకరలు తిరుగుటచే అది సాయంకాలమంతయు ఒకసారి ఎడమవైపునను, ఒకసారి కుడివైపునను, ఒకసారి వెనుకనుండియు మమ్ము పలుకరించుచునే యుండెను. యంత్రమును ఆపిన తరువాత వినవచ్చిన నిశ్శబ్దమును గూర్చి చెప్పుట కష్టము. బాతులు, దూరమున గొఱ్ఱెలు, పడవ ప్రక్కన నీటి చప్పుడు. బాబాయిగారు వెనుక అరుగుమీద కూర్చుండి ఎంతసేపటికిని లోపలికి రాలేదు.

మరునాడు ఉదయము నాప్టను లాకులు వచ్చినవి. రెండు మైళ్ళలో తొమ్మిది లాకులు. కాలువ నీరు నదివలె వాలుగా పారునది కాదు, బల్లపరుపుగా నిలుచునది. నేల ఎత్తైనచోట నీటిని మెట్లు మెట్లుగా నిలుపవలెను. ఒక్కొక్క మెట్టు ఒక లాకు. గోదావరి, కృష్ణా డెల్టాల పాఠకులకు లాకనగా ఏమో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషువారి మాట అచ్చట తెలుగుమాటయే అయిపోయినది. ఇతరుల కొరకు కొంచెము వివరింతుము. లాకనగా రెండు ప్రక్కల గోడలు, రెండు కొనల తలుపులు గల రాతితొట్టి. క్రిందినుండి పైకి పోవు పడవ ముందుగా ఖాళీ తొట్టిలో ప్రవేశించును. దిగువ తలుపులు మూయుదురు. గట్టుమీదనున్న పండ్లచక్రమును ఇనుప హ్యాండిలుతో త్రిప్పి, ఎగువ తూముల పలకలను పైకెత్తుదురు. పైనీరు తొట్టిలోనికి దూకును. పడవ నీటితోపాటు లేచును. లోపలి నీరు, ఎగువ నీరు సమమగువరకు తలుపును పదిమంది త్రోసినను కదలదు. సమమైన క్షణమున తలుపుదూలమునకు వీపానించి ఒక్కరు నెట్టినను తెరచుకొనును. ఒక్కొక్క లాకునకు పది పదునైదు నిమిషములు పట్టును.

క్రిందికి దిగుటలో ఒక ప్రమాదము కలదు. ఎగువ తలుపు క్రింద తొట్టిలోనికి చొచ్చుకొనివచ్చిన రాతిఅంచు ఒకటి ఉండును. తొట్టి నిండియున్నప్పుడు అది కనుపించదు. నీరు దిగునప్పుడు పడవ వెనుక భాగము దానిమీద చిక్కుకొన్నచో ముందు భాగము మాత్రమే క్రిందికి పోయి పడవ మునుగును. అది ఎంతవరకు వచ్చునో గట్టున తెల్లగీత గీసియుండును. ఆ గీతకు ముందుగానే పడవను నిలుపవలెనని ఆ యువకుడు మాకు మూడుసార్లు చెప్పెను. బాబాయిగారు ఈ సంగతిని ఒకేసారి విని, “గడప! గడపమీద పడవ కూర్చోకూడదు, అంతే కదా,” అని తేల్చిరి. మా కంతకంటె మంచి మాట దొరకలేదు. తక్కిన ప్రయాణమంతయు మేము గడప అనియే అంటిమి.

మొదటి లాకు వద్దకు వచ్చువరకు ఆయన ప్రయాణికులు. లాకు కనుపించగానే ఉద్యోగి అయిపోయిరి. “ఇది మన లాకే కదండీ!” అని కర్ర పోటుతో గట్టెక్కి, తలుపుల కీలును, దూలపు వాలును, పండ్లచక్రమును తట్టి చూచిరి. ఏ పలకను ముందెత్తవలెనో, ఎంత ఎత్తి ఆగవలెనో ఆయనే చెప్పుచుండగా మేము త్రిప్పితిమి. రెండవ లాకు వద్ద మా చేతిలోని హ్యాండిలు జారి నీట పడినది. ఇది క్రొత్తవారందరికిని జరుగునట. పడవతో మూడు హ్యాండిళ్ళు ఇచ్చుటకు కారణము మాకప్పుడు బోధపడినది.

మధ్యలో ఒకచోట గట్టు ప్రక్క పొలములో గేదెలు మేయుచుండెను. ఇంగ్లండులో గేదెలా యని మేము విస్తుపోతిమి. చల్లని యెండలో, పచ్చని గడ్డిలో, తడి ముక్కులెత్తి అవి మావంక చూచినవి. బాబాయిగారు వాటితో రెండు మాటలాడిరి. ఏ భాష అర్థమైనదో గాని ఒకటి కంచె వరకు వచ్చినది.

ఆ తొమ్మిది లాకులలో నీలి చొక్కాలు ధరించిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుష్యులు పడవలవారికి సాయపడుచుండిరి. వారిలో ఒకరు పూర్వము పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆయనకును బాబాయిగారికిని స్నేహము కుదిరినది. భాష కొంతయే కలసినను పని పూర్తిగా కలసినది. తలుపుల సందులలో ఏ చెక్క వాడుదురు, కారుట ఎట్లు ఆపుదురు, మరమ్మతులకు కాలువను ఎప్పుడు కట్టివేయుదురు, ఇట్టి ప్రశ్నలు సాగినవి. మన డెల్టాలో కాలువలను వేసవిలో కట్టివేయుదురు; అచ్చట చలికాలమున. చివరకు బాబాయిగారు జీతమెంతయని అడిగిరి. జీతము లేదని, వారమున కొక దినము ఊరకనే వచ్చి చేయుదుమని ఆయన చెప్పగా, బాబాయిగారు నమ్మక మా మిత్రునిచేత మరల అడిగించిరి.

ఊరకనే చేయుటకు ఒక చరిత్ర కలదు. దానిని చెప్పుటకు కాలువల పతనమును గూర్చి చెప్పవలెను.

తొమ్మిదవ లాకు దాటిన తరువాత పదకొండు మైళ్ళ వరకు లాకు లేదు. అది ఆక్స్‌ఫర్డు కాలువలో ఎత్తైన భాగము. తిన్నగా కొలిచినచో ఆ రెండు కొనల నడుమ దూరము అందులో సుమారు సగము. బ్రిండ్లీ పద్ధతి అది: కొండ వచ్చినచో త్రవ్వడు, లోయ వచ్చినచో కట్టడు, నేల యే మట్టమున నున్నదో ఆ మట్టమును పట్టుకొని చుట్టు తిరిగిపోవును. వర్మ్‌లైటను వద్ద ఒక గుట్టను కాలువ దాదాపు ప్రదక్షిణము చేయును. ఉదయము చూచిన చెట్టునే మధ్యాహ్నము మరియొక ప్రక్కనుండి చూచితిమి. ఉత్తర భాగములోని వంకరలను 1829-34 సంవత్సరముల నడుమ కోసి తిన్నగా చేసిరి. దక్షిణ భాగమునకు డబ్బు చాలలేదో, పట్టుదల చాలలేదో, ఆ వంకరలు మిగిలిపోయినవి. ఇప్పుడు ఆ వంకరల కొరకే జనులు వచ్చుచున్నారు.

ఈ కాలువ 1778లో బాన్‌బరీ పట్టణమునకు, 1790లో ఆక్స్‌ఫర్డునకు చేరినది. అడుగున సిమెంటు లేదు. బంకమన్నును నీటితో తడిపి, మనుష్యులచేతను పశువులచేతను త్రొక్కించి, పొరలు పొరలుగా పరచిరి. రెండు శతాబ్దములకు పైగా అదియే నీటిని నిలుపుచున్నది. అర్ధ శతాబ్దము గడవకమునుపే రైలు వచ్చినది. రైలుతో పోటీపడలేక పడవలవారు బాడుగలను తగ్గించిరి. బాడుగలు తగ్గగా గట్టున ఇల్లు ఉంచుకొనుటకు స్తోమత లేక భార్యాబిడ్డలను పడవలోనికే తెచ్చిరి. పడవ పొడవంతయు సరకుదే గదా! కుటుంబమునకు మిగిలినది వెనుకనున్న గది మాత్రమే: పొడవు పదడుగులు, వెడల్పు ఏడడుగులకు లోపు. అందులోనే పొయ్యి, మడత మంచము, అయిదారుగురు పిల్లలు. మేము నలుగురము 57 అడుగులలో ఒకరికొకరము అడ్డము వచ్చుచున్నామని విసుగుకొన్న సంగతి ఇచ్చట జ్ఞప్తికి వచ్చి కొంత సిగ్గుపడితిమి. ఆ పిల్లలు ఒక్క ఊరిలో ఒక్క దినము ఆగనివారు. ఇక బడి యెక్కడ? 1877లోను 1884లోను చేసిన చట్టములు పడవలను రిజిస్టరు చేయించి, గదిలో ఎందరుండవచ్చునో నిర్ణయించి, పిల్లల చదువును గూర్చియు మాట్లాడినవి. అయినను నిరక్షరాస్యత ఇరువదవ శతాబ్ది వరకు వారిని వీడలేదు. ఆ గదుల తలుపులమీద వారు వ్రాయించుకొన్న గులాబీలు, కోటల బొమ్మలు, మెరుగుపెట్టిన ఇత్తడి బొడిపెలు నేటి విహారపు పడవలమీద అలంకారములుగా కనుపించును. మా పడవ తలుపుమీదను ఒక కోట యుండెను.

1948లో కాలువలలో పెక్కింటిని ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. అప్పటికే లారీలు సరకును తీసికొనిపోవుచుండెను. 1962-63 చలికాలమున కాలువలు వారములతరబడి గడ్డకట్టి, పడవలు కదలక నిలిచిపోయినవి. సరకు రవాణాకు అది పెద్ద దెబ్బ. బ్రాన్‌స్టను మీదుగా లండనులోని ఒక జాము కర్మాగారమునకు బొగ్గు చేర్చుచుండిన పడవలు 1970లో ఆగిపోవుటతో దూరప్రయాణపు సరకు పడవల కాలము ముగిసినదని చెప్పవచ్చును. ఆ లోపుననే ఎన్నియో కాలువలు పూడి, చెత్తకుండీలై, కొన్నింటిమీద రోడ్లు కూడ వెలసినవి.

వాటిని నిలిపినది ఒక పుస్తకమన్నచో అతిశయోక్తియైనను అసత్యము కాదు. ఎల్. టి. సి. రోల్టు అను ఇంజనీరు 1939లో ఇదే ఆక్స్‌ఫర్డు కాలువమీద, బాన్‌బరీ పడవల రేవులో, ‘క్రెస్సీ’ అను పాత పడవను నివాసయోగ్యముగా మార్చుకొని, నవవధువుతో బయలుదేరెను. ఆ యాత్రను గూర్చి ఆయన వ్రాసిన ‘నారో బోటు’ 1944లో వెలువడినది. దానిని చదివిన రాబర్టు ఐక్‌మను ఆయనకు ఉత్తరము వ్రాసెను. 1945లో ఇరువురును కలిసికొనిరి. 1946లో కాలువల పరిరక్షణకు ఒక సంఘము ఏర్పడినది. మిత్రులిరువురును తరువాత విభేదించి విడిపోయిరి గాని, పని ఆగలేదు. పారలు, తట్టలు పట్టుకొని సెలవు దినములలో జనులు కాలువలలోనికి దిగిరి. షేక్స్‌పియరు ఊరికి పోవు స్ట్రాట్‌ఫర్డు కాలువ దక్షిణ భాగమును స్వచ్ఛందసేవకులు, సైనికులు, జైలు ఖైదీలు కలిసి బాగుచేయగా 1964లో అది తిరిగి తెరవబడినది. 1968లో పార్లమెంటు చట్టము ఒకటి కొన్ని కాలువలను విహారజలమార్గములుగా గుర్తించి కాపాడినది. మేము పోయిన కాలువ వాటిలో ఒకటి.

2012 నుండి ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గములను ప్రభుత్వశాఖ గాక ఒక ధర్మసంస్థ నిర్వహించుచున్నది. ప్రభుత్వమిచ్చు గ్రాంటు 2027 నుండి క్రమముగా తగ్గునని 2023లోనే ప్రకటించిరి. కావున నాప్టనులోని ఉపాధ్యాయుని నీలి చొక్కా ముచ్చట కొరకు వేసికొన్నది మాత్రమే కాదు. నీటి సమస్య మరియొకటి. మా పడవ ఒక లాకు ఎక్కిన ప్రతిసారియు సుమారు లక్ష లీటర్ల నీరు ఎగువనుండి దిగువకు పోయినది. ఎత్తైన భాగమునకు నదిలేదు. బాడింగ్టను మొదలగు చెరువులే ఆధారము. వానలు తక్కువైన సంవత్సరములలో లాకులకు తాళములు వేసి, కొన్ని గంటలు మాత్రమే తెరతురు. అందుచే ఎదురుగా పడవ వచ్చుచున్నచో నిండిన తొట్టిని ఖాళీచేయక దానికొరకు ఆగుట మర్యాద. ఆ మర్యాద వలన ఒక తొట్టి నీరు మిగులును.

కాలువలమీద విహారమునకు వచ్చువారే గాక, అచ్చటనే నివసించువారును కలరు. ఇండ్ల వెలలు భరింపలేక పడవలలో కాపురమున్నవారు కొందరు. ఆ జీవితమునే కోరుకొన్నవారు కొందరు. స్థిరమైన రేవు లేనివారు ఒకచోట పదునాలుగు దినములకు మించి ఆగరాదు. 1995 నాటి చట్టములోని నియమమిది. ఫెన్నీ కాంప్టను వద్ద మా ప్రక్కన కట్టియున్న పడవ కప్పుమీద కట్టెల మోపులు, టమాటా మొక్కలు, పిల్లవాని సైకిలు ఉండెను. ఆ పిల్లవాడు బడికి పోవునా యని అడుగవలెననిపించినది గాని అడుగలేదు.

ఆ రాత్రి భోజనమైన తరువాత బాబాయిగారు తన ఉద్యోగపు తొలినాళ్ళను గూర్చి చెప్పిరి. కాటను దొర 1847-52 సంవత్సరములలో ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినప్పుడు కాలువలను పొలములకే గాక పడవలకును పనికివచ్చునట్లు త్రవ్వించినాడు. కాకినాడనుండి డెల్టా కాలువలమీదుగా, అటుపైన బకింగుహాము కాలువమీదుగా మద్రాసు వరకు పడవలు పోయెడివి. తాను చేరిన క్రొత్తలో ధాన్యపు పడవలు, లాంచీలు లాకుల వద్ద వరుసకట్టి నిలిచెడివనియు, రాత్రి రెండు గంటలకు సరంగు కేకవేసినను లేచి తలుపులు తీయవలసివచ్చెడిదనియు ఆయన చెప్పిరి. ఆ దారిని 2008లో నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గదా యని మా మిత్రుడు జ్ఞప్తి చేసెను. “ప్రకటించారు. కొన్ని వంతెనల కింద ఇప్పుడు పడవ కాదు, తల కూడా పట్టదు,” అని ఆయన ఊరకుండిరి. తరువాత చాలసేపు ఎవరును మాటలాడలేదు.

ఆదివారము వెనుకకు మరలవలెను. ఏడడుగుల వెడల్పు గల కాలువలో 57 అడుగుల పడవ ఎట్లు తిరుగునని పాఠకులు అడుగవచ్చును. ఇరుకైనవి లాకులును వంతెనలును. కాలువ అంతకంటె వెడల్పు. అయినను పొడవైన పడవ తిరుగుటకు గట్టును త్రికోణముగా లోపలికి కోసిన మలుపురేవులు అక్కడక్కడ ఉండును. పడవ ముక్కును ఆ కోతలో ఆనించి, వెనుక భాగమును గాలికిని యంత్రమునకును వదలి, కొంచెము ముందునకు, కొంచెము వెనుకకు ఆడింపవలెను. మాకు ఇరువది నిమిషములు పట్టినది. గట్టుమీద నడచుచున్నవారు ఆగి చూచిరి. ఎవరును సలహా చెప్పలేదు. అది ఆ దేశపు మర్యాద. బాబాయిగారు మాత్రము ఆపకుండ చెప్పిరి.

దిగుదలలో తొమ్మిది లాకులును తెలిసిన లాకులే. గేదెలు చెట్టునీడకు చేరియుండెను. ఉపాధ్యాయులవారు ఆ దినమున లేరు. వారి స్థానమున మరియొకరు ఉండిరి. గడపమీద చిక్కక, హ్యాండిలు జారవిడువక, ఎదురుపడిన రెండు పడవలకు తొట్టి నీరు మిగిల్చి, చీకటి పడకమునుపే బ్రాన్‌స్టనునకు ఒక గంట దూరములో పడవను కట్టితిమి.

సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు పడవను అప్పగించితిమి. ఆ యువకుడు పడవ ప్రక్కలను చూచి, ఇటుక వంతెన గీతను చేతితో తుడిచి, ఫరవాలేదనెను. తరువాత హ్యాండిళ్ళు లెక్కపెట్టెను. నీట పడిన దానికి మేము వెల చెల్లించితిమి. మిగిలినవి రెండుండవలెను, ఒక్కటే యున్నది. రెండవది బాబాయిగారి చేతిలో నున్నది. ఆయన దానిని ఒకసారి కోటుకు తుడిచి బల్లమీద పెట్టి, మరమ్మతులకు చలికాలమున ఈ కాలువను ఏ తేదీన కట్టివేయుదురో కనుగొనుమని కుమారునితో చెప్పిరి.